వాగుకి ఏ కాలంలో ఎంత నీరు వదలాలో లెక్క తేల్చే సర్వీసు: పని చేయించుకున్నాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు స్టార్లు. ఒక స్టార్ ఎందుకు తగ్గించానో కింద వివరంగా రాశాను, ఇలాంటి పని చేయించుకోబోయేవాళ్లు ఆ భాగం మాత్రం వదలకుండా చదవండి. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు కన్నా, ఈ సర్వీసులో ఏం అడగాలి, చేతికొచ్చిన రిపోర్టులో ఏం చూసుకోవాలి అన్నదే అందరికీ పనికొస్తుంది.

మా వాగు మీద ఎగువన చిన్న ఆనకట్ట ఉంది, అక్కడినుంచి నీళ్లు పక్కకి మళ్లిస్తారు. మళ్లించుకునేవాళ్లకి నీళ్లు అవసరమే, అందులో తప్పు పట్టేదేం లేదు. కాకపోతే ఆనకట్ట దిగువన వాగులో ఎంత మిగలాలి అన్నదానికి పాత కాగితాల్లో ఏడాది పొడుగునా ఒకటే అంకె రాసుంది. అది ఎక్కడిదా అని మా వాగు పరిరక్షణ బృందంవాళ్లం తవ్వి చూస్తే ‘సెవెన్ క్యూ టెన్’ అని తేలింది. వరసగా ఏడు రోజుల సగటు ప్రవాహం పదేళ్లకోసారి ఎంత కిందికి పడిపోతుందో చెప్పే లెక్క అది. వాగులోకి వదిలే మురుగునీరు గడ్డుకాలంలో కూడా తగినంత పలచబడుతుందా లేదా అని చూడటానికి వాడతారు. చేపకి ఎంత లోతు కావాలి, గుడ్లు ఎప్పుడు పెడుతుంది, ఒడ్డున చెట్టు వేరుకి తడి ఎప్పుడు అందాలి, ఇవేవీ అందులో లేవు. పదేళ్లలో అతి కష్టమైన వారాన్ని తీసుకొచ్చి వాగుకి ఏడాదంతా ఇదే చాలు అంటే, జ్వరపడ్డ రోజు తిన్నంతే ఏడాదంతా తినమన్నట్టు.

అందుకే కాలాన్ని బట్టి ఎంత నీరు వదలాలో తేల్చి చెప్పే వాళ్ల కోసం వెతికాం. మొదట మాట్లాడిన ఒక కన్సల్టెంట్ అసలు వాగు దగ్గరికి రాకుండానే, కంప్యూటర్ ముందు కూర్చుని టెనంట్ పద్ధతిలో ఇచ్చేస్తానన్నాడు. టెనంట్ పద్ధతి చెడ్డదని కాదు. 1976లో అచ్చయిన ఈ పద్ధతి ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది, ఎందుకంటే చాలా తేలిక: ఏడాది సగటు ప్రవాహంలో 10 శాతం ఉంటే జలచరాలు కొద్దికాలం ఎలాగో ప్రాణం నిలబెట్టుకుంటాయి, 30 శాతం ఉంటే ఓ మాదిరిగా బతుకుతాయి, 60 శాతం ఉంటే బాగా బతుకుతాయి. కానీ ఈ పద్ధతి తయారుచేసిన టెనంట్ ఆ శాతాలు ఊహించి రాయలేదు, మాంటానా, వ్యోమింగ్, నెబ్రాస్కా రాష్ట్రాల్లో 11 వాగుల్లోకి దిగి లోతు, వెడల్పు, వేగం కొలిచాకే రాశాడు. ఏడాదిని అక్టోబర్ నుంచి మార్చి దాకా ఒకటి, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒకటి అని రెండు ముక్కలు చేసింది అక్కడి వాగుల తీరుని బట్టి. ఆ శాతాలనీ ఆ నెలల్నీ ఎత్తుకొచ్చి ఇంకెక్కడో, ఇంకోలా పారే వాగుకి తగిలిస్తే లెక్క కుదురుతుందే గానీ వాగుకి కుదరదు. తొలి అంచనాకి వాడుకోవచ్చు, తుది మాటకి కాదు.

చివరికి మేం ఎంచుకున్నవాళ్లు మొదటి సమావేశంలోనే మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు, మీరు కాపాడాలనుకునేది దేన్ని అని. చేపలనా, కప్పలనా, ఒడ్డు చెట్లనా, నీళ్ల చల్లదనాన్నా? దీనికి జవాబు లేకుండా ఎన్ని క్యూసెక్కులు అన్నదానికి జవాబుండదన్నారు. అప్పుడే నాకు వీళ్ల మీద నమ్మకం కుదిరింది. ఈ ప్రశ్న అడగనివాళ్లకి పని ఇవ్వొద్దని గట్టిగా చెబుతాను.

తర్వాత ప్రవాహ చరిత్ర తీశారు. మా వాగు మీద ఎక్కువ ఏళ్ల గేజ్ రికార్డు, అంటే ప్రవాహం కొలిచి రాసిపెట్టిన లెక్క, లేదు. పక్క వాగు మీద ఉంది. రెండింటి పరీవాహక విస్తీర్ణం, వాన పడే తీరు పోల్చి, ఆ రికార్డుని మా వాగుకి సరిపడేలా మార్చి, మళ్లించే నీటిని తిరిగి కలిపి, ఆనకట్ట లేకపోతే ఏ రోజు ఎంత పారేదో రోజువారీగా కట్టారు. దాన్ని, ఇప్పుడు పారుతున్నదాన్ని పక్కపక్కన పెట్టి ఐహెచ్‌ఏ అనే సాఫ్ట్‌వేర్‌లో వేశారు. బ్రయాన్ రిక్టర్, ఆయన సహచరులు 1996లో ప్రచురించిన పద్ధతి మీద కట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. నెలవారీ ప్రవాహాలు, అతి తక్కువలు, అతి ఎక్కువలు, అవి వచ్చే తేదీలు, పొంగులు ఎన్నిసార్లు వస్తున్నాయి, ఎంత వేగంగా పెరిగి తగ్గుతున్నాయి, ఇలా 33 కొలతల్లో వాగు ఎంత మారిందో చూపిస్తుంది. నీరు ఎంత అన్నది ఒక్కటే సరిపోదు, ఎన్నిసార్లు, ఎన్ని రోజులు, ఎప్పుడు, ఎంత త్వరగా అన్నవి కూడా వాగు జీవాన్ని నడిపిస్తాయి. 1997లో లెరాయ్ పాఫ్ బృందం రాసిన వ్యాసం తర్వాత ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న మాటే ఇది.

ఆ పోలికల్లో ఒక గ్రాఫ్ నన్ను కుదిపేసింది. పొడి కాలం అయిపోయి తొలి వానలు పడ్డప్పుడు సహజంగా అయితే వాగు ఒక్కసారి పొంగి, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. ఆనకట్ట కింద ఆ పొంగు అసలు లేనేలేదు! తొలి నీళ్లన్నీ ఖాళీగా ఉన్న ఆనకట్ట నిండటానికే పోతున్నాయి. ఏడాది మొత్తం లెక్కలో చూస్తే అది చాలా తక్కువ నీరు, అందుకే ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు. కానీ చేపలకి ఎదురెక్కే సమయం వచ్చిందని తెలిసేది ఆ పొంగుతోనే. వేసవంతా రాళ్లకి పట్టిన పాకుడు, మడుగుల్లో పేరుకున్న ఆకుల కుళ్లు కొట్టుకుపోయేది కూడా దానితోనే.

ఫీల్డ్ పని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఈ సర్వీసులో అసలు విలువంతా ఇక్కడే ఉంది మరి. ప్రవాహం కొలిచేటప్పుడు నేను గట్టు మీదే ఉన్నాను. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి టేప్ బిగించి కట్టారు. ఒకామె నీళ్లలో దిగి టేప్ వెంట అడుగడుక్కీ ఆగి, కొలకర్ర నిలబెట్టి లోతు చూసి, నీటి వేగం కొలిచే కరెంట్ మీటర్‌ని పైనుంచి లోతులో 60 శాతం దగ్గర పెట్టి వేగం చదివి చెబుతుంటే ఒడ్డున ఇంకొకరు రాసుకున్నారు. పల్చటి నీళ్లలో సగటు వేగానికి దగ్గరగా ఉండేది ఆ లోతులోనే. లోతు ఎక్కువున్నచోట 20 శాతం దగ్గర ఒకసారి, 80 శాతం దగ్గర ఒకసారి చదివి సగటు తీస్తారు. ఇలా టేప్ కట్టిన ఒక్క అడ్డుకోతకే ఇరవై ముప్పై చోట్ల. మీటర్‌కి తన కాలు అడ్డం రాకుండా ఆమె పక్కకి జరిగి నిలబడటం, ఒక చోట రాయి వెనక నీరు సుడి తిరుగుతుంటే ఆ చోటు పనికిరాదని టేప్ విప్పి మొత్తం కొంచెం పైకి మార్చడం చూశాక, రిపోర్టులో అంకెల మీద నాకు అనుమానం లేకుండా పోయింది.

కొలతలు ఎక్కువగా తీసుకున్నది రాళ్ల మీద నీళ్లు పల్చగా, గలగలా పారే చోట్ల. లోతైన మడుగుల్లో కదా చేపలుండేది, ఇక్కడెందుకు అని అడిగాను. వాగు తగ్గుముఖం పడితే ముందు ఎండేది ఇవే, మడుగులు ఆఖర్న. చేపలకి తిండైన నీటి పురుగులు ఎక్కువగా పెరిగేది కూడా ఈ రాళ్ల సందుల్లోనే. పైగా ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకి వెళ్లాలంటే దారి ఇదే, ఇక్కడ లోతు చాలకపోతే ప్రతి మడుగూ విడిగా తెగిపోతుంది.

పొడి కాలపు కనీస మట్టాన్ని తేల్చింది కూడా ఇక్కడి కొలతల నుంచే. వాగు అడుగున నీళ్లు తాకే భాగం ఎంత ఉందో, అంటే తడిసిన చుట్టుకొలత, దాన్ని ఒక్కో ప్రవాహం దగ్గర లెక్కగట్టి గీత గీస్తారు. కొంచెం కొంచెం నీరు పెంచుతుంటే మొదట అడుగు గబగబా తడుస్తుంది, అడుగంతా తడిశాక నీరు గట్లు ఎక్కడమే తప్ప కొత్తగా తడిసేది పెద్దగా ఉండదు. గీత వంగే ఆ చోటు కన్నా ప్రవాహం తగ్గితే పురుగులు బతికే నేల చాలా త్వరగా పోతుంది. ఇందులో ఒక మెలిక ఉంది, గ్రాఫ్ అడ్డంగా సాగదీసి గీస్తే ఒక చోట, నిలువుగా సాగదీస్తే ఇంకో చోట వంగినట్టు కంటికి కనిపిస్తుంది. వీళ్లు కంటితో చూసి తేల్చకుండా గీత వాలుని లెక్కగట్టి ఆ బిందువు పట్టుకున్నారు, ఎలా పట్టుకున్నారో రిపోర్టులో రాశారు కూడా. మీ కన్సల్టెంట్‌ని ఇది తప్పకుండా అడగండి.

ఇక అసలు సరుకు, కాలాల వారీ పట్టిక. పొడి కాలానికి ఒక కనీస మట్టం, తొలి పొంగుకి ఎంత, ఎన్ని రోజులు, తడి కాలంలో నిలకడగా ఉండాల్సిన మట్టం, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ఆనకట్ట ఆపకుండా వదిలేయాల్సిన పెద్ద ప్రవాహం, చివరగా తడి కాలం నుంచి పొడి కాలానికి నీరు దిగే తీరు. ప్రతి అంకె పక్కనా అది ఎందుకో రాసుంది. పెద్ద ప్రవాహం ఎందుకంటే గులకరాళ్ల సందుల్లో చేరిన ఒండ్రుని కడగడానికి, ఆ సందుల్లో పెట్టిన గుడ్లకి ఊపిరి అందేది వాటిలోంచి పారే నీటితోనే కాబట్టి. పొడి కాలపు మట్టానికి తడిసిన చుట్టుకొలత ఒక్కటే కాదు, నీటి వేడి కూడా చూశారు. 10 డిగ్రీల నీటిలో లీటరుకి సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలిగితే 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకి పడిపోతుంది, పల్చబడ్డ వాగు ఎండకి ఎంత త్వరగా కాగుతుందో మాకందరికీ తెలుసు.

నాకు అన్నిటికన్నా నచ్చింది నీరు దిగే తీరు మీద రాసిన భాగం. ఇంతవరకు ఎవరూ దీన్ని పట్టించుకోలేదు. వదిలే నీటిని ఒక్క పూటలో తగ్గించేస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను: ఒడ్డు వారన రాళ్ల మధ్య అరచేతి వెడల్పు గుంటల్లో పిల్ల చేపలు గుంపుగా చిక్కుకుపోయి, మధ్యాహ్నానికి ఆ గుంటలు ఇంకిపోయి, సాయంత్రానికి పిట్టలు వాలాయి. వాగులో నీళ్లున్నాయి, కనీస మట్టం కన్నా ఎక్కువే ఉన్నాయి, కాగితం మీద ఏ నియమమూ తప్పలేదు. చచ్చింది నీరు తక్కువై కాదు, తగ్గిన వేగానికి. కాలిఫోర్నియా వాగుల్లో ఉండే ఒక రకం కప్ప, కాళ్ల అడుగు పసుపుగా ఉంటుంది, వసంతంలో నీరు మెల్లగా దిగుతున్నప్పుడే ఒడ్డు వార రాళ్లకి గుడ్ల ముద్ద అంటిస్తుంది. ఆ తర్వాత నీరు ఉన్నట్టుండి దిగితే గుడ్లు ఎండుతాయి, ఉన్నట్టుండి పెరిగితే కొట్టుకుపోతాయి. మా రిపోర్టులో ఒక రోజుకి ప్రవాహాన్ని అంతకుముందు రోజు కన్నా ఎంత శాతానికి మించి తగ్గించకూడదో స్పష్టంగా రాసిచ్చారు. గేటు తిప్పే మనిషి చేతిలో పెట్టదగ్గ నియమం అది.

మళ్లించుకునేవాళ్లతో జరిగిన సమావేశంలో వీళ్లు మాట్లాడిన పద్ధతి కూడా బాగుంది. అవతలివాళ్లు టెన్షన్‌తోనే వచ్చారు, తమ నీళ్లన్నీ పోతాయని. అప్పుడు ప్యూటా క్రీక్ సంగతి చెప్పారు. కాలిఫోర్నియాలో ఆ వాగు కింది భాగం కరువులో ఎండిపోతే కోర్టుదాకా వెళ్లి, 2000లో ఒప్పందం కుదిరి, వసంతంలో చేపలు గుడ్లు పెట్టే వేళకి కొంత, సాల్మన్ చేపలు ఎదురెక్కే వేళకి కొంత, వాగు పొడుగునా ధార తెగకుండా కొంత అని వదలడం మొదలుపెట్టారు. అంతకుముందు మళ్లింపు ఆనకట్ట కింద కిలోమీటరు లోపే మిగిలిన స్థానిక చేపలు తర్వాతి ఏళ్లలో 20 కిలోమీటర్లకి పైగా మళ్లీ పైచేయి సాధించాయి. 2012లో అచ్చయిన పరిశోధన తేల్చింది ఏంటంటే, చాలా ఏళ్లలో దీనికోసం అదనంగా వదలాల్సి వచ్చిన నీరు కొద్దిగానే. సరైన వేళకి వదిలారు, అదీ సంగతి. ఇది విన్నాక గదిలో వేడి కాస్త తగ్గింది. మొత్తం ఎంత నష్టం అన్న మాట పక్కకి పోయి ఏ నెలలో ఎంత సర్దుకోగలం అన్న మాట మొదలైంది.

కరువు ఏళ్లకి వేరే పట్టిక ఇచ్చారు, అది కూడా మంచి పని. ఆ ఏడాది తొలి నెలల్లో ఎగువ నుంచి వచ్చిన నీటిని బట్టి తడి ఏడాది, మామూలు ఏడాది, పొడి ఏడాది అని విడదీసి, పొడి ఏడాదిలో పెద్ద ప్రవాహాన్ని వదులుకున్నా పొడి కాలపు మట్టాన్ని, దిగే వేగాన్ని మాత్రం వదులుకోకూడదన్నారు. ఎగువ నుంచి వచ్చేదే ఆ మట్టం కన్నా తక్కువైతే వచ్చిందంతా కిందికి వదిలి, మళ్లింపు ఆపాలి.

ఇప్పుడు స్టార్ తగ్గించిన కారణాలు. అన్నిటికన్నా పెద్దది చేపల సర్వే. ఒక్క పొడి కాలంలోనే చేశారు. కాలాల వారీ మట్టాలు తేల్చడానికి పిలిస్తే జీవాల్ని ఒకే కాలంలో చూసి వెళ్లిపోతే ఎలా? గుడ్లు పెట్టే వేళ వాగులో ఏ చేప ఎక్కడుందో చూడలేదు, ఆ భాగానికి వేరే చోట్ల తయారైన అనుకూలత గీతలు తెచ్చి పెట్టుకున్నారు. ఫలానా లోతు, ఫలానా వేగం ఈ చేపకి ఎంత నప్పుతాయో సున్నా నుంచి ఒకటి దాకా మార్కులిచ్చే గీతలవి. పీహాబ్‌సిమ్ లాంటి, ఎంత ప్రవాహంలో చేపకి ఎంత చోటు అనువుగా ఉంటుందో లెక్కగట్టే మోడళ్లు మొత్తం నిలబడేది వాటి మీదే. చేప అదే జాతిదైనా వాగు మారితే ఇష్టాలు మారతాయి, పిల్లగా ఉన్నప్పుడు నప్పేది పెద్దయ్యాక నప్పదు. తెచ్చిపెట్టుకున్నప్పుడు ఆ మాట పెద్ద అక్షరాల్లో చెప్పాలి, ఇక్కడ అనుబంధంలో ఒక్క లైను.

రెండోది, పెద్ద ప్రవాహాల కొలత. వాగు ఉధృతంగా ఉంటే దిగి కొలవలేరు, అది అర్థం చేసుకోగలను, ప్రాణాల మీదికి తెచ్చుకోమని ఎవరూ అడగరు. కానీ తక్కువ, మధ్యరకం ప్రవాహాల దగ్గర కొలిచిన గీతని పైకి పొడిగించి వరద అంకెలు చెప్పినప్పుడు, ఆ అంకె అటూ ఇటూ ఎంత ఊగుతుందో పట్టికలోనే పక్కన రాయాలి కదా. పొడి కాలపు అంకె, వరద అంకె రెండూ ఒకే ధీమాతో అచ్చయ్యాయి. చదివేవాళ్లకి రెండూ ఒకటే అనిపిస్తాయి, కాదు.

ఊటల విషయం కూడా సగంలో వదిలేశారు. మా వాగులో ఒక చోట నీరు ఇసుకలోకి ఇంకిపోయి కొంత దూరం కింద మళ్లీ పైకి వస్తుంది. ఆనకట్ట దగ్గర వదిలిన నీరు ఆ ముక్కలో ఎంత మిగులుతుందో కొలవకుండా ఆనకట్ట దగ్గరి అంకెనే వాగంతటికీ వర్తింపజేశారు. అడిగితే ఒప్పుకున్నారు, దాటవేయలేదు, అందుకు మార్కులు.

కొలతల అసలు ఫైళ్లు మాత్రం పదే పదే అడిగితే గానీ ఇవ్వలేదు. పీడీఎఫ్ చాలదండీ. రేపు ఇంకొకరు ఈ అంకెల్ని ప్రశ్నిస్తే తిరిగి లెక్కగట్టి చూపించాలి కదా. రిపోర్టు భాష కూడా బాగా బరువుగా ఉంది. సారాంశం రెండు పేజీలు మాత్రం ఎవరైనా చదవగలరు, మిగతాది ఇంజినీర్లకే.

అయినా నాలుగు స్టార్లు నిలబడతాయి. ఏడాదికి ఒకే అంకె ఉన్న చోట కారణాలతో సహా కాలాల వారీ మట్టాలు వచ్చాయి. అవతలి పక్షం కూడా ఆ కారణాల్ని చదివి మాట్లాడే స్థితికి వచ్చింది. తొందరగా ఒక అంకె కావాలంతే అనుకునేవాళ్లకి ఈ సర్వీసు దండగ, ఏడాది చక్రం పూర్తయ్యేదాకా ఆగాల్సిందే. వాగు మీద గొడవ నడుస్తున్న చోట, రేపు ఆ అంకెని నలుగురి ముందు నిలబెట్టుకోవాల్సిన చోట మాత్రం తప్పకుండా చేయించుకోండి.

రెండో విడత కూడా వీళ్లకే ఇస్తున్నాం. ఈసారి ఒప్పందంలోనే రాయించాం: గుడ్లు పెట్టే వేళ చేపల సర్వే, నీరు ఇంకిపోయే ముక్కకి పైనా కిందా నీటి మట్టాన్ని దానంతటదే నమోదు చేసే లెవెల్ లాగర్లు, కొలిచిన వారం లోపల అసలు ఫైళ్లు మా చేతికి. కొత్త మట్టాల ప్రకారం వదిలాక వాగులో నిజంగా ఏం మారిందో ఏటా చూసి, అవసరమైతే అంకెలు సవరించాలన్న షరతు కూడా చేర్చాం. దానికి వాళ్లే ముందు ఒప్పుకున్నారు.